వరుసలో మావయ్య

మా ఊళ్లో చిన్నప్పుడు తరచూ వినపడే మాట ఒకటుండేది. 'ఫలానా ఆయన ఐపీ పెట్టాడట!' అది చెవిన పడగానే ఇంట్లో పెద్దవాళ్ల ముఖాలు మారిపోయేవి. చిట్టీలు కట్టినవాళ్లూ, వడ్డీకిచ్చినవాళ్లూ ఆ ఇంటి అరుగు మీద చేరేవారు. ఐపీ అంటే ఏదో పెట్టె లాంటిదనీ, దాన్ని గుమ్మంలో పెట్టేస్తే ఇంక అప్పు అడగకూడదనీ అనుకునేదాన్ని. జర్నలిజం డిప్లొమా చదివేటప్పుడు కోర్టు వార్తలు నేర్పిన మాస్టారు ఆ ముడి విప్పారు. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అన్న మాటకి పొట్టిపేరే మన ఐపీ. 1920 నాటి చట్టం కింద జిల్లా కోర్టుల్లో వేసేది. 'పెట్టడం' మాత్రం అచ్చంగా మనవాళ్లు కలిపిందే!

మనిషి ఐపీ పెడితే ఏమవుతుందో ఊరందరికీ తెలుసు. అప్పులవాళ్లు తిడతారు, నాలుగు రోజులు తిరుగుతారు, దొరికింది పంచుకుంటారు. మరి కంపెనీ మునిగితే? దానికి అరుగుండదు. తిట్టడానికి మనిషి కనపడడు. బ్యాంకులు, కార్మికులు, సరుకిచ్చినవాళ్లు, ఇన్‌కంట్యాక్స్, జీఎస్టీ, పీఎఫ్ ఆఫీసులు... ఇంతమంది ఒకేసారి చెయ్యి చాపితే ఎవరి చేతిలో ఎంత పడుతుంది? ఈ లెక్క నేను ఏ పుస్తకంలోనో నేర్చుకోలేదు. మా మావయ్య వెంట తిరిగి నేర్చుకున్నాను.

మావయ్యది జీడిమెట్లలో అట్టపెట్టెల యూనిట్. రెండు మిషన్లు, తొమ్మిది మంది పనివాళ్లు. కాగితం రీళ్లు కొని, అట్ట చేసి, పెట్టెలు కొట్టి, పేరు అచ్చేసి పంపిస్తారు. తిండి సరుకులు చేసే ఓ కంపెనీకి ఏళ్ల తరబడి ఆయనే సప్లయర్. దాని పేరెందుకు లెండి. 2019లో ఆ కంపెనీ మీద దివాలా కేసు మొదలైంది. వేసింది దానికి అప్పిచ్చిన బ్యాంకు. అప్పటికి మావయ్యకు రావాల్సింది రూ.14.60 లక్షలు.

విషయం ఆయనకు తెలిసింది పేపర్లో ప్రకటన చూసి. అదీ ఆయన చూడలేదు, పక్క షెడ్డులో లేబుళ్లు కొట్టే ఆయన చూసి చెప్పాడు. దివాలా కేసు స్వీకరించాక ఆ సంగతి ఒక ఇంగ్లిషు పేపర్లో, ఒక స్థానిక భాషా పేపర్లో ప్రకటించాలని నిబంధన. బాకీలున్నవాళ్లు రుజువులతో పద్నాలుగు రోజుల్లో రాసుకోవాలి. కానీ టెండర్ నోటీసుల మధ్య చీమల బారులా ఉండే ఆ అక్షరాలు చదివేదెవరు?

"అమ్మాయ్, నువ్వు పేపర్లో పనిచేస్తావుగా... ఇందులో నన్ను ఏం చెయ్యమన్నారో కాస్త చెప్పు" అంటూ ఆ కాగితం ముక్క పట్టుకొచ్చాడు మావయ్య. అలా మొదలైంది.

డబ్బు అప్పు... సరుకు అప్పు!

2016 డిసెంబరు నుంచి కంపెనీల దివాలా వ్యవహారమంతా కొత్త చట్టం కిందికి వచ్చింది. ఇన్‌సాల్వెన్సీ అండ్ బ్యాంక్‌రప్టసీ కోడ్. కేసు తీసుకున్న రోజు నుంచీ యాజమాన్యం పక్కకి తప్పుకుంటుంది. ట్రైబ్యునల్ నియమించిన నిపుణుడి చేతికి తాళాలు వెళ్తాయి. కంపెనీ మీద ఎవరూ కొత్తగా దావా వెయ్యకూడదు, ఆస్తులు జప్తు చెయ్యకూడదు. ఆ నిపుణుడు బాకీల పట్టీ రాస్తాడు. తర్వాత రుణదాతల కమిటీ కూర్చుంటుంది. కంపెనీని కొని నడిపేవాడు దొరికితే పరిష్కారం, దొరక్కపోతే లిక్విడేషన్, అంటే ఉన్నదమ్మి పంచెయ్యడం. మొదట 180 రోజులు, తర్వాత మరో 90, కోర్టు తగాదాలన్నీ కలుపుకున్నా 330 రోజుల్లో తేలాలని చట్టం. అలా తేలినవి ఎన్నో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

మేం నింపింది ఫారం బి. బిల్లులు, డెలివరీ చలాన్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు జతచేశాం. దీనికి ఫీజేమీ లేదు, ఈమెయిల్‌లో పంపినా చాలు. అయినా మావయ్య మనసు ఊరుకోలేదు. ఆ ట్రైబ్యునల్ ఎలా ఉంటుందో చూస్తానన్నాడు. నాగోలు దాటి బండ్లగూడలో కార్పొరేట్ భవన్. లోపల నల్లకోట్లు, ఫైళ్ల కట్టలు. మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనక బెంచీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆ కేసు పిలిచారు, మూడు నిమిషాలు ఏదో మాట్లాడారు, వాయిదా పడింది. "నా పేరు వస్తుందనుకున్నానే" అన్నాడు బయటికొచ్చాక. రాదు. అక్కడున్న వందలాది పేర్లు పట్టీలో ఒక పేజీలో అంకెలై ఉంటాయి.

ఆయనకు అన్నిటికంటే మింగుడుపడనిది ఓటు సంగతి. రుణదాతల కమిటీలో ఓటుండేది డబ్బు అప్పిచ్చినవాళ్లకే... అంటే బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థలు. 2018 నుంచి ఫ్లాటుకి డబ్బు కట్టి మోసపోయిన ఇళ్ల కొనుగోలుదారులనూ ఇందులో చేర్చారు. సరుకు అప్పిచ్చినవాళ్లకు, జీతం రావాల్సినవాళ్లకు, పన్ను రావాల్సిన ప్రభుత్వానికి ఓటు లేదు. వీళ్లందరి బాకీ కలిపి మొత్తంలో పదోవంతుంటే ఒక ప్రతినిధి సమావేశంలో కూర్చోవచ్చు, అంతే. 66 శాతం ఓట్లు పడితే నిర్ణయం ఖాయం.

"బ్యాంకు ఇచ్చింది డబ్బు, నేనిచ్చింది పెట్టెలు. నా పెట్టె లేకపోతే వాళ్ల సరుకు గేటు దాటేదా?" అని మావయ్య ప్రశ్న. ఇదే ప్రశ్న పెద్ద లాయర్లు సుప్రీంకోర్టులో వేశారు. 2019 జనవరిలో స్విస్ రిబ్బన్స్ కేసులో కోర్టు ఈ తేడా సరైనదేనంది. బ్యాంకు కంపెనీ ఆరోగ్యాన్ని మొదటి నుంచీ చూస్తుంది, నిలబెట్టడమా వదిలెయ్యడమా అన్నది తూచగలదు, సప్లయర్‌కి తన బిల్లే ప్రపంచం అన్నది సారాంశం. అదే ఏడాది నవంబరులో ఎస్సార్ స్టీల్ తీర్పులో పంపకం ఎలా ఉండాలన్నది కమిటీ వ్యాపార విజ్ఞతకే వదిలేసింది. తర్కం బాగానే ఉంది. కానీ ఆరోగ్యాన్ని అంత దగ్గరగా చూసిన బ్యాంకులకే మన దేశంలో ఇన్ని మొండి బాకీలు ఎలా వచ్చాయో ఆ తర్కం చెప్పదు.

ఓ విచిత్రం చెప్పాలి. కేసు మొదలైన నెలలోపే ఆ నిపుణుడి ఆఫీసు నుంచి మావయ్యకు ఫోనొచ్చింది. కంపెనీ నడవాలి, పెట్టెలు పంపండి అని. పాత బాకీ సంగతేమిటంటే, అది పట్టీలో ఉంది అన్నారు. కొత్తగా పంపేదానికి మాత్రం పూర్తిగా ఇస్తామన్నారు, ఇచ్చారు కూడా. ఎందుకంటే దివాలా ప్రక్రియ నడుస్తుండగా కంపెనీని నడపడానికి అయ్యే ఖర్చు అన్నిటికంటే ముందు తీరాలి. అవే పెట్టెలు, అదే గేటు, అదే ఆటో. కేసుకి ముందురోజు పంపిన పెట్టె వరుసలో చిట్టచివర... మర్నాడు పంపిన పెట్టె మొట్టమొదట!

ఎవరు ఏ బంతిలో?

లిక్విడేషన్‌లో పంపకం ఎలాగుంటుందో చట్టంలోని 53వ సెక్షన్ చెబుతుంది. అది మావయ్యకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు పెళ్లి భోజనాలే గుర్తొచ్చాయి. మొదటి బంతిలో కూర్చున్నవాళ్లకు అన్నీ వడ్డిస్తారు. రెండో బంతికి గారెలు సగమే. ఆఖరి బంతికి చారు పలచనవుతుంది.

ఇక్కడ మొదటి బంతి ప్రక్రియ ఖర్చులది. నిపుణుడి ఫీజు, కాపలా, కరెంటు, వేలం ఖర్చు పూర్తిగా తీరాలి. రెండో బంతిలో ఇద్దరు పక్కపక్కనే కూర్చుంటారు. తాకట్టు హక్కును లిక్విడేటర్‌కి వదిలిన బ్యాంకులు, ఇరవైనాలుగు నెలల బకాయిల వరకు కార్మికులు. మూడోది కార్మికుల కోవలోకి రాని ఉద్యోగులది, అదీ పన్నెండు నెలల జీతం వరకే. నాలుగోది తాకట్టు లేకుండా అప్పిచ్చినవాళ్లది. ఐదో బంతిలో ప్రభుత్వం... కేంద్రమైనా రాష్ట్రమైనా, రెండేళ్ల బకాయి వరకు. తాకట్టు ఆస్తిని సొంతంగా అమ్ముకున్నా బాకీ తీరని బ్యాంకులు కూడా ఇక్కడే కూర్చోవాలి. ఆరోది మిగతా అప్పులన్నీ. మావయ్య ఇక్కడ. ఆ తర్వాత షేర్‌హోల్డర్లు, వాళ్లకు విస్తరి కూడా మిగలదు.

ఉదాహరణకి ఒక లెక్క వేద్దాం. కంపెనీ అమ్మితే 40 కోట్లు వచ్చాయనుకోండి. ఖర్చులకు 2 కోట్లు పోతే మిగిలింది 38. బ్యాంకుల తాకట్టు బాకీ 90 కోట్లు, కార్మికులది 5 కోట్లు. మొత్తం 95 కోట్ల బాకీకి 38 కోట్లు, అంటే రూపాయికి 40 పైసలు. కార్మికులకు 2 కోట్లు, బ్యాంకులకు 36 కోట్లు. అక్కడితో గిన్నెలు ఖాళీ. మూడో బంతి నుంచి అందరికీ సున్నా. ప్రభుత్వానికీ సున్నా, మావయ్యకూ సున్నా.

మరి కంపెనీని ఎవరో కొని నడిపితే? సప్లయర్లకు కనీసం ఇంతివ్వాలని అక్కడా ఓ రక్షణ ఉంది. లిక్విడేషన్ జరిగితే వచ్చేదానికి తగ్గకూడదని. వచ్చేది సున్నా అయినప్పుడు దానికి తగ్గకుండా ఇవ్వడమంటే ఎంతో మీరే చెప్పండి.

బ్యాంకులకూ పండగేమీ కాదు. ఈ చట్టం కింద దేశంలో ఆమోదం పొందిన మొట్టమొదటి పరిష్కారం మన విశాఖపట్నం కంపెనీదే. కార్ల అల్లాయ్ చక్రాలు చేసే సినర్జీస్ డూరే. 2017 ఆగస్టు 2న హైదరాబాద్ ట్రైబ్యునల్ ఆమోదించింది. రావాల్సింది రూ.972 కోట్లు, దక్కింది దాదాపు 54 కోట్లు. వందకి ఆరు రూపాయలు కూడా కాదు. అదే నెలలో దివాలా ప్రక్రియలోకి వెళ్లిన ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్‌కి కొనేవాడే కుదరక ఏడాదికి లిక్విడేషన్ ఆర్డరొచ్చింది. దేశం మొత్తం మీద పరిష్కారమైన కేసుల్లో రుణదాతలకు దక్కింది ఒప్పుకున్న బాకీలో సుమారు మూడోవంతు.

సర్కారు వెనక్కి జరిగింది... నిజంగానేనా?

ఈ వరుసలో నన్ను ఆశ్చర్యపరిచింది ప్రభుత్వం స్థానం. పన్ను బాకీ అంటే రాజుగారి సొమ్ము, ముందు అది కక్కి తర్వాత మిగతావి చూసుకో అన్నది పాత పద్ధతి. 1956 కంపెనీల చట్టంలో కూడా కార్మికులు, తాకట్టు బ్యాంకుల తర్వాత ఏడాది పన్ను బకాయిలకే ముందు చోటుండేది. కొత్త చట్టానికి రూపకల్పన చేసిన విశ్వనాథన్ కమిటీ 2015లో దీన్ని మార్చమంది. ప్రభుత్వం తాకట్టులేని అప్పిచ్చినవాళ్లకంటే కూడా వెనక కూర్చోవాలంది. పార్లమెంటు సరేనంది. తన వంతు తానే వెనక్కి జరుపుకున్న ప్రభుత్వాలు అరుదు కదా, అందుకు మెచ్చుకోవాల్సిందే.

అయితే చట్టం చేసేది ఢిల్లీలో, బకాయి వసూలు చేసేది సర్కిల్ ఆఫీసులో. అక్కడి అధికారికి ఫైల్లో బాకీ కనపడుతుంది, పక్కన జప్తు ఉత్తర్వు ఉంటుంది. వదలమంటే ఎలా వదులుతాడు? హైదరాబాద్‌లోనే జరిగిన ఒక కేసు చూడండి. లిక్విడేషన్‌లో ఉన్న ఒక కంపెనీ ఆస్తిని లియో ఎడిబుల్స్ అనే సంస్థ వేలంలో కొంది. రిజిస్ట్రేషన్‌కి వెళితే కుదరదన్నారు. ఆ ఆస్తి మీద ఇన్‌కంట్యాక్స్ వాళ్ల జప్తు ఉందట! 2018 జులైలో మన ఉమ్మడి హైకోర్టు తేల్చి చెప్పింది. జప్తు చేసినంత మాత్రాన పన్నుల శాఖ తాకట్టు పెట్టుకున్న బ్యాంకుతో సమానం కాదు, వరుసలో తన చోటులోనే నిలబడాలి అని. ఆ తర్వాత 2021 ఏప్రిల్‌లో ఘనశ్యామ్ మిశ్రా కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. పరిష్కార ప్రణాళిక ఆమోదం పొందాక అందులో లేని పాత బాకీలన్నీ, పన్నులతో సహా, మాఫీ అయినట్టే. కంపెనీని కొత్తగా కొన్నవాడి నెత్తిన పాత పన్నుల నోటీసు పడకూడదు అంది.

ఇంతలో 2022 సెప్టెంబరులో కథ అడ్డం తిరిగింది. గుజరాత్‌లో రెయిన్‌బో పేపర్స్ అనే కాగితం కంపెనీ. డీలరు ఆస్తి మీద పన్ను బాకీకే తొలి హక్కు అని ఆ రాష్ట్ర వ్యాట్ చట్టంలో ఉంది. కాబట్టి రాష్ట్రమూ తాకట్టు హక్కున్న రుణదాతేనని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఐదో బంతిలోని ప్రభుత్వం ఒక్కసారిగా లేచి రెండో బంతిలో బ్యాంకుల పక్కన కూర్చున్నట్టయింది. బ్యాంకులు ఉలిక్కిపడ్డాయి. ఆ కొత్త వాటాదారు వల్ల కార్మికుడి వాటా కూడా తగ్గుతుందన్న మాట మాత్రం ఎక్కువమంది ఎత్తలేదు. పైన చెప్పిన లెక్కలో ప్రభుత్వం 25 కోట్ల బాకీతో రెండో బంతిలో వచ్చి కూర్చుంటే కార్మికులకు 2 కోట్లకు బదులు దాదాపు 1.58 కోట్లే మిగులుతుంది. 2023 జులైలో రామన్ ఇస్పాత్ కేసులో సుప్రీంకోర్టులోనే మరో ధర్మాసనం, ఆ తీర్పు 53వ సెక్షన్‌ని గమనించలేదనీ, అది ఆ కేసు వరకే పరిమితమనీ అంది. పాత తీర్పు మీద రివ్యూ పిటిషన్లు మాత్రం ఆ అక్టోబరులో కొట్టేశారు. 2025 ఆగస్టులో లోక్‌సభ ముందుకొచ్చిన సవరణ బిల్లులో, ఇద్దరి మధ్య ఒప్పందంతో పుట్టినదే తాకట్టు హక్కు, కేవలం చట్టంలో రాసుకున్నంత మాత్రాన రాదు అని స్పష్టంగా పెట్టారు. జీఎస్టీ చట్టంలోనైతే ఈ జాగ్రత్త ముందే ఉంది. పన్నుకి తొలి హక్కు అంటూనే, దివాలా చట్టం చెప్పినదానికి లోబడి అని రాశారు.

ఇదంతా విని మావయ్య ఒక్క మాటన్నాడు. "ప్రభుత్వం నాకంటే ఒక్క బంతే ముందుందన్నమాట. కానీ నా దగ్గర ముందే తీసుకుందిగా!"

ఆ మాట నిజం. ఆయనకు రావాల్సిన రూ.14.60 లక్షల్లో లక్షన్నర పైచిలుకు జీఎస్టీ. బిల్లు కొట్టిన నెల రిటర్న్‌లోనే అది ప్రభుత్వానికి లెక్కగట్టాలి, కొన్నవాడు డబ్బిచ్చినా ఇవ్వకపోయినా. కొన్నవాడు మునిగిపోతే ఆ పన్ను తిరిగిచ్చే ఏర్పాటు మన జీఎస్టీలో లేదు. ఇన్‌కంట్యాక్స్‌లో అయితే మొండి బాకీని ఖాతాల్లో కొట్టేసి లాభంలోంచి తగ్గించుకోవచ్చు. జీఎస్టీలో ఆ ఊరట కూడా లేదు. మునిగిన కంపెనీ దగ్గర మర్యాదగా ఐదో బంతిలో కూర్చున్న సర్కారు, ఆ కంపెనీకి సరుకిచ్చి మునిగినవాడి దగ్గర మాత్రం అన్నం ఉడక్కముందే తినేసి వెళ్లింది. పెద్ద తీర్పులన్నీ బ్యాంకులకీ పన్నుల శాఖలకీ మధ్య పంచాయితీలే. ఈ లక్షన్నర గురించి వాదించడానికి సీనియర్ లాయర్‌ని పెట్టుకునే స్తోమత జీడిమెట్లలో ఎవరికుంది?

కార్మికుల విషయంలో ఒక్కటి చెప్పాలి. పీఎఫ్, గ్రాట్యుటీ నిధుల్లోని సొమ్ము అసలు పంచాల్సిన ఆస్తిలోకే రాదు, అది వాళ్లదే. 2019 ఏప్రిల్‌లో విమానాలు ఆపేసిన జెట్ ఎయిర్‌వేస్ సిబ్బంది దీనికోసమే పోరాడారు. పూర్తిగా చెల్లించాలని 2022 అక్టోబరులో అప్పీలు ట్రైబ్యునల్ అంది, 2023 జనవరిలో సుప్రీంకోర్టు సమర్థించింది. కానీ కొన్నవాళ్లు మాట నిలుపుకోక, 2024 నవంబరులో ఆ కంపెనీని లిక్విడేషన్‌కి పంపమని సుప్రీంకోర్టే చెప్పాల్సొచ్చింది. మావయ్య పెట్టెలు దించుకునే ఆ ఫ్యాక్టరీ గోడౌన్‌లో ఇరవై రెండేళ్లు చేసినాయన ఒకరున్నారు. సూపర్‌వైజర్‌గా ప్రమోషన్ ఇచ్చారని అప్పట్లో స్వీట్లు పంచాడట. ఆ ప్రమోషన్ వల్లే ఆయన కార్మికుల రెండో బంతి నుంచి ఉద్యోగుల మూడో బంతికి వెళ్లిపోయాడు.

ఆ కంపెనీకి కొనేవాడు గడువులో కుదరలేదు. కరోనా వచ్చింది. 2021లో లిక్విడేషన్ ఆర్డర్. మళ్లీ ఫారం, ఈసారి ఫారం సి. బిల్లుల మొత్తాన్ని ఒప్పుకున్నారు, వడ్డీ ఒప్పుకోలేదు. ఈలోగా మావయ్య కాగితం రీళ్ల వ్యాపారికి ఇవ్వాల్సింది ఇస్తూనే ఉన్నాడు. ఆయన్ని ఏ బంతిలో కూర్చోమనగలడు? అత్తయ్య గాజులు తాకట్టుకి వెళ్లి, పద్దెనిమిది నెలలకు తిరిగొచ్చాయి. ఆవిడ దాని గురించి ఎప్పుడూ ఎత్తలేదు. నేనే అడిగితే, "తొమ్మిది మందికి శనివారం శనివారం డబ్బులివ్వాలి కదే" అంది.

ఫ్యాక్టరీని ఆన్‌లైన్ వేలంలో మరొకరు నడుస్తున్నది నడుస్తున్నట్టుగా కొన్నారు. పంపకం కాగితంలో మావయ్య వరుసలో, ఇవ్వాల్సిన మొత్తం అన్న గడిలో ఒక చిన్న గీత. సున్నా కూడా రాయలేదు. ఆయన ఆడిటర్ దాన్ని మొండి బాకీగా కొట్టేసి, ఆ ఏడాది ఇన్‌కంట్యాక్స్ కొంచెం తగ్గించాడు.

చిన్న సప్లయర్లకు 45 రోజుల్లో డబ్బివ్వాలన్న చట్టం 2006 నుంచీ ఉంది. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ కూడా. మావయ్యకు ఆ సంగతి మొదటి నుంచీ తెలుసు. "ఆ కాగితం చూపించి వడ్డీ అడిగితే తర్వాత ఆర్డరెవడిస్తాడే?" అంటాడు. ఇప్పుడు ఆయన పద్ధతి వేరు. ఏ పార్టీకైనా నెల బిల్లు దాటి సరుకు పంపడు. పేపర్లో ఆ చిన్న అక్షరాల పేజీ ముందు చదివి, తర్వాతే మొదటి పేజీకి వస్తాడు. ఆ ఫ్యాక్టరీ కొత్త యజమానులు పెట్టెలు కావాలని అడిగారు, ఇస్తున్నాడు. సగం డబ్బు ముందు బ్యాంకులో పడ్డాకే ఆటో బయల్దేరుతుంది.